ఫోకా, ప్రాగా అని అడిగావు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. జెథ్రో టల్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌ది ఫోక్, అంటే జానపదమా, లేక ప్రోగ్రెసివ్ రాకా (రాక్‌ను పెద్ద పెద్ద కట్టడాలుగా పేర్చే ఆ రకాన్నే పొట్టిగా ప్రాగ్ అంటారు) అని మొదటి రెండు పేజీల్లో నువ్వే వాది, నువ్వే ప్రతివాది అయి వాదించుకున్నావు. మూడో పేజీలో తీర్పు చెప్పావు: రెండూనట. అక్కడిదాకా ఓపిగ్గా వచ్చిన పాఠకుడికి వాళ్ల పాట ఎలా మొదలవుతుందో, ఫ్లూట్ ఎక్కడ అందుకుంటుందో, పాడే గొంతు ఎలాంటిదో ఒక్క ముక్క తెలియలేదు. నీకు తెలుసు, ఎందుకంటే నువ్వు విన్నావు. అతను వినలేదు కదా.

"అక్కా, గీత ఎక్కడ గీయాలి?" అని చివర్లో అడిగావు. గీతలు గీయడం మన పని కాదు అనేసి తప్పించుకోను. గీత ఉంది. నువ్వు వెతుకుతున్న చోట మాత్రం లేదు.

నీ మొదటి కొలత నిడివి. 1972లో వచ్చిన జెథ్రో టల్ 'థిక్ యాజ్ ఎ బ్రిక్' రికార్డు రెండు వైపులా కలిపి ఒకటే పాట, 40 నిమిషాలు దాటుతుంది. అంత పెద్ద పాట కట్టడమే ప్రోగ్రెసివ్ లక్షణం అన్నావు. (మొత్తం ఒకే ఊహ చుట్టూ కట్టే అప్పటి కాన్సెప్ట్ ఆల్బమ్‌లను వెటకారం చేయడానికే దాన్ని చేశానని ఆ బ్యాండ్ నాయకుడు, గాయకుడు ఇయాన్ ఆండర్సన్ స్వయంగా చెప్పుకున్నాడు. నీ వ్యాసంలో ఆ వెటకారం ఊసే లేదు, అది వేరే సంగతి.) మరి మల్లన్న కథనో, ఎల్లమ్మ కథనో తెల్లవార్లూ చెప్పే ఒగ్గు కళాకారులను ఏమందాం? అందులో పాట ఉంది, వచనం ఉంది, ఆట ఉంది. ఒక్కడే మనిషి కథ చెబుతూ చెబుతూ పాత్రలోకి దూకేస్తాడు, డోలు దరువు దానితోపాటే మారిపోతుంది. నలభై నిమిషాలకు వాళ్లకు ఇంకా గొంతు వేడెక్కదు. నిడివిని బట్టి తేల్చేదైతే ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రోగ్రెసివ్ బ్యాండ్‌లు మల్లన్న కొలువున్న కొమురవెల్లిలో ఉన్నాయని రాయాలి. రాస్తే సరదాగానే ఉంటుంది, కాని అది నిజం కాదు.

రెండో కొలత తాళం. ఏడేసి మాత్రల్లో, ఐదేసి మాత్రల్లో వాయిస్తే ప్రోగ్రెసివ్, నాలుగేసి మాత్రల్లో వాయిస్తే ఫోక్ అన్నావు. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ 'మనీ' పాటను ఉదాహరణగా ఇచ్చావు. అది ఏడు మాత్రల్లో మొదలవుతుందన్నది నిజమే, కాని గిటార్ సోలో వచ్చేసరికి నాలుగుకు మారిపోతుంది. నువ్వు విన్నావుగానీ లెక్కపెట్టలేదని నాకు అనుమానం. సరే, ఇప్పుడు బల్ల మీద వేళ్లతో కొడుతూ 'మంచి అన్నది పెంచుమన్నా' అను. మంచి, మూడు. అన్నది, నాలుగు. పెంచు, మూడు. మన్నా, నాలుగు. ఏడు, మళ్లీ ఏడు. గురజాడ ముత్యాలసరం నడక అంతా మూడూ నాలుగూ కలిసిన మిశ్రగతే. వందేళ్లుగా మన బడిపిల్లలు ప్రార్థన లైన్లో నిలబడి ఏడు మాత్రల్లో పాడుతున్నారు, ఎవరికీ కష్టం అనిపించలేదు. రగడ అనే మన పద్యాల్లోనూ అంతే. వృషభగతి ఏడు, ద్విరదగతి ఐదు. ఏడు మాత్రలు లండన్ కుర్రాళ్లకు సాహసం అయి ఉండొచ్చు. మన చెవికి అలవాటైన నడక అది. నువ్వు తెలుగులో రాస్తున్నావు కాబట్టి ఆ చెవితోనే విను. ఇంగ్లీషు పత్రికవాడు ఆశ్చర్యపోయిన చోటల్లా నువ్వూ ఆశ్చర్యపోనక్కర్లేదు.

వాద్యాల సంగతి ఎక్కువ చెప్పను. మాండలిన్ ఉంటే ఫోక్, మూగ్ సింథసైజర్ ఉంటే ప్రాగ్ అన్నావు. గ్రిఫాన్ అని ఒక బ్యాండ్ ఉంది, లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదివిన కుర్రాళ్లు మొదలుపెట్టింది. క్రమ్‌హార్న్ అనే పాతకాలపు వంపు సన్నాయి, బసూన్ పట్టుకుని 1974లో అమెరికాలో ప్రాగ్‌లో పేరున్న యెస్ బ్యాండ్ కచేరీలకు ముందు వాయించారు. నీ కొలత అక్కడే చెల్లకుండా పోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు ధ్వనిని బట్టి తేల్చాలని చూస్తున్నావు. ధ్వని మోసం చేస్తుంది. జెథ్రో టల్ 1977 ఆల్బమ్ 'సాంగ్స్ ఫ్రమ్ ద వుడ్' విను. అడవులు, పండగలు, పల్లె నమ్మకాలు, మాండలిన్, ఫ్లూట్. ఎవరైనా ఫోక్ అనేస్తారు. అట్ట వెనక చిన్న అక్షరాలు చదివితే ఒక్కటి కూడా పాత పాట కాదు, అన్నీ ఆండర్సన్ రాసినవే. దాని పక్కన ఇంగ్లండ్ ఫోక్ రాక్ బ్యాండ్ ఫేర్‌పోర్ట్ కన్వెన్షన్ 1969 డిసెంబర్ ఆల్బమ్ 'లీజ్ అండ్ లీఫ్' పెట్టు. ఎలక్ట్రిక్ గిటార్ హోరు, డ్రమ్స్, పక్కా రాక్. అందులో 'మ్యాటీ గ్రోవ్స్' మాత్రం ఎవరు కట్టారో తెలియని కథాగీతం. 19వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ చైల్డ్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ సేకరించిన 305 కథాగీతాల్లో 81వది. ఒక్కో పాటకు ఆయన దొరికినన్ని పాఠాంతరాలు పక్కపక్కన అచ్చేశాడు, ఇది అసలుది, అది నకలుది అని తేల్చే పని పెట్టుకోకుండా.

నా లెక్కలో గీత అక్కడ ఉంది. పాటను మార్చుకునే హక్కు ఎవరికి ఉందన్నది చూడు. బతుకమ్మ పాట మా పక్క ఊళ్లో ఒక చరణం ఎక్కువ పాడతారు, మా ఊళ్లో తక్కువ పాడతారు, ఎవరూ కొట్లాడరు. యెస్ వాళ్ల 'క్లోజ్ టు ది ఎడ్జ్' పద్దెనిమిది నిమిషాలు, స్టూడియోలో ముక్కముక్కగా పేర్చి కట్టింది. వేదిక మీద కూడా దాదాపు అలాగే వాయించాలని చూస్తారు, వినేవాళ్లూ అదే కోరుకుంటారు. మొదటిది పాడేవాళ్లందరిదీ. రెండోది కట్టినవాడిది. ఈ కొలత కూడా అన్నిచోట్లా నిలబడదు, ముందే చెబుతున్నా. ప్రాగ్ బ్యాండే అయిన కింగ్ క్రిమ్సన్ వాళ్లు వేదిక మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయేవారు. ఫేర్‌పోర్ట్ వాళ్లు 'ఎ సైలర్స్ లైఫ్' అనే పాత పాటను పదకొండు నిమిషాలు సాగదీసి ఒకే టేక్‌లో రికార్డు చేశారు. కాని ఈ కొలత పట్టుకుంటే కనీసం నీకు అడగడానికి ప్రశ్నలు దొరుకుతాయి. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఏం మార్చారు? ఏది మార్చడానికి భయపడ్డారు? డబ్బు ఎవరికి వెళ్లింది? 'ట్రెడిషనల్, అరేంజ్డ్ బై' అన్న ఆ ఒక్క లైను చూడు. పాట ఊరందరిది, రాయల్టీ మాత్రం కూర్చినవాడికి. దాని మీదే ఒక వ్యాసం రాయొచ్చు.

గీత ఎందుకు మసకబారిందో తెలియాలంటే మనుషుల వెంట వెళ్లు. సిద్ధాంతాల కన్నా మనుషుల కథ నీకు బాగా వస్తుంది, నీ పాత వ్యాసాల్లో గమనించాను. ఫేర్‌పోర్ట్‌లో మొదట పాడిన జూడీ డైబుల్ అక్కణ్నుంచి బయటికొచ్చి, తర్వాత కింగ్ క్రిమ్సన్ అయిన కుర్రాళ్లతో కొన్నాళ్లు పాడింది. ఆమె స్థానంలోకి వచ్చిన శాండీ డెనీ అంతకుముందు స్ట్రాబ్స్ అనే బ్యాండ్‌తో పాడింది, 1971లో లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ పాటలో గొంతు కలిపింది. ఆ స్ట్రాబ్స్ మొదట బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం పాడుకునేవాళ్లు, తర్వాత వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన రిక్ వేక్‌మన్ యెస్‌కు వెళ్లాడు. ఫేర్‌పోర్ట్‌లో బేస్ గిటార్ వాయించిన డేవ్ పెగ్ జెథ్రో టల్‌లో చేరాడు. 1974లో స్టీలై స్పాన్ అనే ఫోక్ బ్యాండ్ ఆల్బమ్ తయారీలో ఆండర్సన్ చెయ్యి ఉంది. పింక్ ఫ్లాయిడ్ మొదటి సింగిల్ 1967లో నిర్మించిన జో బాయ్డే ఫేర్‌పోర్ట్‌కూ నిర్మాత. కింగ్ క్రిమ్సన్, ఫేర్‌పోర్ట్, ట్రాఫిక్, మొదట్లో జెథ్రో టల్, బ్రిటన్‌లో అందరివీ ఐలండ్ అనే ఒకే కంపెనీ రికార్డులు. ఒకే ఆఫీసు మెట్లెక్కి దిగేవాళ్లు వాయిద్యాలు, పాటలు మార్చుకోకుండా ఎలా ఉంటారు? విడదీసి వేర్వేరు అరల్లో పెట్టింది ఎక్కువగా షాపులవాళ్లు, మనలాంటి రాసేవాళ్లు.

మన దగ్గరికి రా. పెళ్లి బరాత్‌లో మార్ఫా వాద్యాలు మోగుతుంటే హైదరాబాద్‌లో ఎవడూ నిలబడి ఇది ఎక్కడిది అని అడగడు. నిజాం దగ్గర ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో పనిచేసిన సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు తెచ్చిన దరువు అది. ఇప్పుడు పాతబస్తీ సొంతం. జానపదం అంటే అనాదిగా ఇక్కడే పుట్టినది అని నీ వ్యాసంలో ఒక వాక్యం ఉంది చూడు, అది కొట్టేయ్.

బ్యాండ్‌ల విషయానికొస్తే, మోహీనేర్ ఘోడాగులి కలకత్తాలో 1970ల్లోనే బెంగాల్ సంచార గాయకుల బావుల్ పాటలనూ రాక్‌నూ కలిపారు. ఇండియన్ ఓషన్ 2000లో తెచ్చిన 'కందీస' కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థనాగీతం. నువ్వు వీళ్లను 'ఫ్యూజన్' అని ఒక్క మాటతో దాటేశావు. ఆ మాట వాడొద్దని నా మనవి. ఏది ఎందులో ఎంత కలిసిందో చెప్పే శ్రమ తప్పించుకోవడానికే మనమంతా దాన్ని వాడతాం.

నాకు కోపం తెప్పించిన సంగతి ఒకటి చెబుతా. కొన్నేళ్ల కింద మన నగరంలోనే ఒక కార్యక్రమం. పోస్టర్ మీద 'ఫోక్ ప్రాగ్ నైట్' అని ఉంది. బ్యాండ్‌లో గిటార్ కుర్రాడి నుంచి సౌండ్ ఇంజినీర్ దాకా అందరి పేర్లూ వేశారు. కథ పాడిన పెద్దమనిషికీ, డోలు కొట్టినాయనకీ కలిపి 'జానపద కళాకారుల బృందం' అని ఒక్క లైను. వాళ్లకు పది నిమిషాలు, బ్యాండ్‌కు గంటన్నర. బ్యాండ్ వాయించిన పెద్ద పాటకు మూలం ఆ పెద్దమనిషి పాడిన కథే, అయినా మైకులో ఎవరూ ఆ మాట అనలేదు. మరునాడు వచ్చిన రివ్యూల్లో 'మట్టి వాసన' ఉంది, ఆయన పేరు లేదు. నువ్వు అలాంటి చోటికి వెళ్తే కచేరీ మొదలవకముందే వెనక్కి వెళ్లి పేర్లు, ఊర్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రాసుకో. కచేరీ అయ్యాక అడుగుదామంటే కుదరదు, వాళ్లు ఆఖరి బస్సు పట్టుకోవాలి. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి 12 మెట్ల కిన్నెర అనగానే ఒక పేరు గుర్తొస్తోంది. అదీ ఒక సినిమా పాటలో ఆయన గొంతు వినిపించాకే నగరంలో చాలామందికి తెలిసింది. మిగతావాళ్ల పేర్లు మనం రాస్తేనే ఉంటాయి.

ఇక నీ వాక్యాల సంగతి. 'సైకడెలిక్ జానపద ప్రోగ్రెసివ్ ప్రయోగాత్మక' అని నాలుగు విశేషణాలు వరసగా పెట్టావు. నాలుగూ తీసేసి, మొదటి నిమిషంలో ఏం జరుగుతుందో రాయి. డ్రమ్స్ ఎప్పుడు వచ్చాయి, గొంతు ఒంటరిగా ఎంతసేపు ఉంది, పాత చరణం ఎక్కడ ఆగి కొత్త సంగీతం ఎక్కడ అందుకుంది. 'మ్యాటీ గ్రోవ్స్'లో కథ అయిపోయాక మాటలు ఆగిపోయి గిటార్, వయొలిన్ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. నువ్వు వెతికే సరిహద్దు నీకు అక్కడ చెవికి వినిపిస్తుంది, అది ఎన్నో నిమిషంలోనో గడియారం చూసి రాయి. లేబుల్ పెట్టాలనే అనిపిస్తే వ్యాసం చివర్లో పెట్టు. అప్పటికి దాని అవసరం ఉందో లేదో నీకే తెలుస్తుంది.

నీ వ్యాసంలో స్ట్రాబ్స్ పేరాలో సంవత్సరాలు తారుమారయ్యాయి. వేక్‌మన్ చేరింది 1970, యెస్‌కు వెళ్లింది 1971. గురజాడ సంగతి వాడుకుంటే వాడుకో, నా పేరు వేయనక్కర్లేదు. ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర ఉంటాను. తిరగరాసింది ప్రింట్ తీసి పట్టుకురా, ఫోన్‌లో చదవడం నా కళ్లవల్ల కాదు.

ఉంటాను,
అక్క
నల్లకుంట, హైదరాబాద్