ఇరవై పందులు, ఒక ఇల్లు, ఒక బావమరిది: ఈ లెక్క నిలబడుతుందా?

ప్రశ్న: మాది కడప జిల్లా. 12 ఏళ్లుగా కువైట్‌లో కంపెనీ డ్రైవర్‌ని. నా భార్యది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో. తొమ్మిదేళ్లుగా ఒకే కువైటీ ఇంట్లో వంటమనిషి. ఏడేళ్ల పాప ఇలోయిలోలో అమ్మమ్మ దగ్గర ఉంది. ఇద్దరం కువైట్ వదిలేసి అక్కడే స్థిరపడదామనుకుంటున్నాం. నా భార్య దగ్గర 14 లక్షల పెసోలు, నా ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌లో 9 లక్షల రూపాయలు ఉన్నాయి. ఇంటికి 7 లక్షల పెసోలు, బావమరిదితో కలిసి 20 పందులకు 4 లక్షలు, చిల్లర కొట్టుకు 2 లక్షలు, బంధువులకు లక్ష అనుకున్నాం. నెల ఖర్చు 25 వేల పెసోలు. తిరిగొచ్చిన వాళ్లకు అక్కడి ప్రభుత్వం 20 లక్షల లోన్ ఇస్తుందంటున్నారు. నా డబ్బు కూడా తీసుకెళ్లి ఇందులోనే పెట్టమంటారా?

జవాబు: మీ డబ్బు సంగతి చివర్న చూద్దాం. 14 లక్షలూ మీరు పంచేశారు గానీ, దిగిన మొదటి నెల బియ్యం ఏ డబ్బుతో కొంటారో రాయలేదు. పంది అమ్మకానికి రావడానికి నాలుగు నెలలు పడుతుంది, కొట్టు నిలదొక్కుకోవడానికి ఏడాది. ఈలోపు నెలకు 25 వేలు కావాలి. అందుకే ముందు 3 లక్షల పెసోలు, అంటే ఏడాది ఖర్చు, పక్కన పెట్టండి. దాన్ని బ్యాంకు సేవింగ్స్‌లోనే ఉంచాలి. డిపాజిట్ ఇన్సూరెన్స్ పరిమితి 2025 మార్చి 15 నుంచి 10 లక్షల పెసోలకు పెరిగింది, కాబట్టి పీడీఐసీ (అక్కడి డిపాజిట్ బీమా సంస్థ) కింద ఉన్న ఏ బ్యాంకైనా ఫర్వాలేదు. ఊరి సొసైటీ రెండు శాతం ఎక్కువిస్తానన్నా ఈ డబ్బు అటు పోకూడదు.

ఇక పందులు. కొనుక్కొచ్చిన పిల్ల 95 కిలోలకు రావాలంటే సుమారు 230 నుంచి 240 కిలోల దాణా తింటుంది. 50 కిలోల బస్తాలు దాదాపు ఐదు, ఇరవై పిల్లలకు వంద. పిల్ల ధర, బస్తా ధర, బతికున్న పంది కిలో ధర కనుక్కుని కాగితం మీద వేయండి, మిగిలేది ఎంత సన్నమో కనిపిస్తుంది. కిలో ధర 20 పెసోలు తగ్గితే పందికి 1,900, ఇరవైకి 38 వేలు పోయినట్టే. ఇది మామూలు రోజుల లెక్క. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2019లో ఆ దేశంలోకి వచ్చింది, 2022 అక్టోబర్‌లో ఇలోయిలోకి పాకింది. దానికి మందు లేదు. పక్కవాళ్ల దొడ్లో బయటపడినా చుట్టుపక్కల పందుల్నీ చంపించేయొచ్చు. రోగం వచ్చిందన్న పుకారు పుడితే చాలు, అందరూ ఒకేసారి అమ్మకానికి తెస్తారు, రేటు పడిపోతుంది. నాలుగు లక్షలు ఒకే దొడ్లో పెట్టే స్థోమత మీకు లేదు.

బావమరిదిని కాదనడం కష్టమే. మన దగ్గర మేకల్ని సగం పాలికి ఇచ్చినట్టు అక్కడా పశువుల్ని పెంపకానికిచ్చి లాభం పంచుకునే పద్ధతి ఉంది, పాయివి అంటారు. రెండు పిల్లల్ని ఆ పద్ధతిలో ఇవ్వండి, దాణా ఖర్చు ఎవరిదో ముందే రాసుకోండి. ఆ రెండింటి లెక్క ఆయన ఎలా అప్పజెబుతాడో చూశాక ఇరవై సంగతి మాట్లాడుకోవచ్చు.

చిల్లర కొట్టు, అక్కడి మాటలో సారి-సారి. వీధికి మూడు ఉంటాయి. సరుకు మీద మిగిలేది నూటికి పదీ పదిహేనే, అదీ అరువుల్లో ఇరుక్కుంటుంది. సరుకు అయిపోయినప్పుడు 'ఐదు-ఆరు' వడ్డీవాళ్ల దగ్గరికి వెళ్లడం మామూలు: ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి. ఈ వ్యాపారం చాలాకాలంగా మోటార్‌ సైకిళ్ల మీద తిరిగే పంజాబీల పేరుమీద నడుస్తోంది, వాళ్లను 'బుంబాయ్' అంటారు. భారతీయుడు కనిపిస్తే చాలు అదే పిలుపు కాబట్టి, మీ గుమ్మంలోకీ అప్పుకోసం వస్తారు. మొదటి నెలలోనే లేదనడం అలవాటు చేసుకోండి. బంధువులకు లక్ష కాదు, ఒకేసారి 30 వేలు. అది అప్పు కాదు, ఇచ్చేసినట్టే అనుకోండి.

మీ ఇంట్లో అసలైన పెట్టుబడి మీ భార్య చేతివంట. దాన్ని ప్లాన్‌లో ఎక్కడా వాడుకోలేదు! చిన్న భోజనం కొట్టు, కరిండెరియా, నడిపే లెక్క ఉదాహరణకు ఇలా ఉంటుంది. రోజుకు 60 ప్లేట్లు, ప్లేటు 70 పెసోలు, అమ్మకం 4,200. సరుకులు 2,200, అద్దె, గ్యాస్, సహాయకురాలి కూలీ కలిపి 900 తీసేస్తే మిగిలేది 1,100. నెలకు 24 రోజులకు 26,400, ఇంటి ఖర్చుకు సరిపోతుంది. దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, 60 మందికి వండి 35 ప్లేట్లే అమ్మితే వచ్చేది 2,450, ఖర్చు మాత్రం అదే 3,100. ఆ రోజు 650 నష్టం. 45వ ప్లేటు అమ్మాకే లాభం మొదలవుతుంది. కాబట్టి మొదటి రెండు నెలలు ఇంటి నుంచే, ముందుగా చెప్పిన వాళ్లకు మాత్రమే వండండి. రోజూ 45కి తగ్గకుండా ఆర్డర్లు వస్తేనే అద్దె తీసుకోండి. బడి పక్కన తీసుకుంటే సెలవుల్లో కొట్టు ఖాళీ, ఆసుపత్రి దగ్గరో బస్ టెర్మినల్ దగ్గరో మేలు. మొత్తం రెండున్నర లక్షలు కేటాయించి, అందులో సగమే ముందు ఖర్చుపెట్టండి. మిగతా సగం తప్పులు దిద్దుకోవడానికి.

రిజిస్ట్రేషన్‌కు భయపడక్కర్లేదు. డీటీఐలో (అక్కడి వాణిజ్య శాఖ) పేరు నమోదుకు పట్టణం వరకైతే 500 పెసోలు, స్టాంపు 30. తర్వాత బరంగాయ్ (ఊరి స్థాయి పాలన) క్లియరెన్స్, మేయర్ పర్మిట్, శానిటరీ పర్మిట్, వండేవాళ్లకు హెల్త్ సర్టిఫికెట్, చివరగా బీఐఆర్ (పన్నుల శాఖ) నమోదు. ఆపైన చిన్న వ్యాపారాలకు సాయపడే ప్రభుత్వ నెగోస్యో సెంటర్‌లో బీఎంబీఈ (అతిచిన్న వ్యాపారం) సర్టిఫికెట్ అడగండి. భూమి కాకుండా ఆస్తులు 30 లక్షల పెసోలు దాటని వ్యాపారానికి దానితో ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుంది. రెండేళ్లకోసారి పొడిగించుకోవాలి. చాలామంది అసలు అడగరు.

లోన్ మాట నిజమే. ఓవా (విదేశాల్లో పనిచేసే ఫిలిప్పీనోల సంక్షేమ సంస్థ) సభ్యులకు ప్రభుత్వ బ్యాంకులైన ల్యాండ్ బ్యాంక్, డీబీపీ ద్వారా లక్ష నుంచి 20 లక్షల పెసోల వరకు, 7.5 శాతం వడ్డీకి. అయితే ముందు ఉచిత వ్యాపార శిక్షణ పూర్తిచేయాలి, పెట్టుబడిలో ఐదో వంతు సొంతంగా పెట్టాలి, నెలకు 10 వేలైనా మిగులుతుందని లెక్క చూపాలి. కాబట్టి శిక్షణ వెంటనే తీసుకోండి, లోన్ మాత్రం ఏడాది అమ్మకాల పుస్తకం చేతిలో ఉన్నప్పుడు అడగండి. 'బాలిక్ పినాస్, బాలిక్ హనాప్‌బుహాయ్' సాయం గరిష్ఠంగా 20 వేలే. అదీ ఉద్యోగం పోయి, ఇబ్బందుల్లో పడి వచ్చినవాళ్ల కోసం ఉద్దేశించింది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఓవా సభ్యత్వం 25 డాలర్లు, రెండేళ్లకు. కాంట్రాక్టు నడుస్తుండగానే, కువైట్‌లో ఉన్నప్పుడే రెన్యూ చేయించండి.

ఇల్లు ఇప్పుడు కట్టకండి. అమ్మమ్మ ఇంటి పైకప్పు, బాత్రూమ్ బాగుచేయడానికి రెండున్నర లక్షలు చాలు. తుపాన్ల ప్రాంతం కాబట్టి ముందు పైకప్పు. 5 లక్షలు అక్కడి ప్రభుత్వ పొదుపు నిధి పగ్-ఇబిగ్ వారి ఎంపీ2 పథకంలో మీ భార్య పేరున వేయండి. ఐదేళ్ల గడువు, పన్ను లేదు, 2024కు 7.10 శాతం డివిడెండ్ ఇచ్చారు. రేటుకు హామీ లేదు గానీ అసలుకు ప్రభుత్వ హామీ ఉంది. మొత్తం ఒకే ఖాతాలో పెట్టకుండా ఐదు ఖాతాలుగా తెరవండి, అవసరమైతే ఒకటే తీయొచ్చు. గడువుకు ముందు తీస్తే కొన్ని కారణాలకు తప్ప డివిడెండ్‌లో కోత పడుతుంది. ఎస్‌ఎస్‌ఎస్‌లో (అక్కడి సామాజిక భద్రతా సంస్థ) మీ భార్య ఎన్ని నెలలు కట్టిందో ఆన్‌లైన్‌లో చూసుకోమనండి. పింఛనుకు 120 నెలలు నిండాలి, తగ్గితే స్వచ్ఛంద సభ్యురాలిగా కొనసాగవచ్చు. వదిలేసిన నెలలకు వెనక్కి వెళ్లి కట్టడం కుదరదు.

మీ 9 లక్షల రూపాయలు కదపొద్దు. 1987 రాజ్యాంగం ప్రకారం అక్కడ విదేశీయుడికి భూమి ఉండదు. మీ డబ్బుతో కొన్నా పట్టా మీ భార్యదే, పెట్టిన సొమ్ము తిరిగి ఇప్పించమని విదేశీ భర్త వేసిన దావాను అక్కడి సుప్రీంకోర్టు 2006లోనే తోసిపుచ్చింది. మీ భార్య మీద అనుమానంతో చెప్పే మాట కాదిది, మీ చేతిలో కాగితం ఉండదని చెప్పడం. ఫిలిప్పీన్స్‌లో ఉన్నా భారత్‌కు మీరు ఎన్‌ఆర్‌ఐయే, ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను పడదు. అక్కడ విదేశీయుల మీద ఆ దేశంలో వచ్చిన ఆదాయానికే పన్ను, కాబట్టి అక్కడా పడదు. నామినీగా భార్య పేరు రాయించండి. వ్యాపారం ఆమె పేరునే ఉండాలి. భార్య ద్వారా వచ్చే 13ఎ వీసా మీకు వర్తిస్తుందో లేదో ఇమిగ్రేషన్ బ్యూరోలో తేల్చుకున్నాకే గల్లాపెట్టె దగ్గర కూర్చోండి.

టికెట్ కొనేముందు ఇంకో లెక్క. ఇళ్లలో పనిచేసేవాళ్లకు పని వదిలేటప్పుడు కువైట్ చట్టం ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలంటోంది. మీకు కంపెనీ నుంచి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల చొప్పున, మిగతా ఏడేళ్లకు ఏడాదికి నెల చొప్పున రావాలి. పదేళ్లు దాటింది కాబట్టి మూడు నెలల నోటీసిచ్చి మీరే రాజీనామా చేసినా పూర్తి మొత్తం మీదే. ఇవి చేతికి అందేదాకా కఫీల్ (స్పాన్సర్) ముందు గానీ కంపెనీలో గానీ 'అన్నీ ముట్టాయి' అనే కాగితం మీద ఇద్దరూ సంతకం చేయకండి.