ఏమీ అడగని పాటనే కీర్తన అనాలి

“ఇంగ్లీషువాళ్లు చర్చి పాటను పిలిచే హిమ్ అనే మాటకు అసలు అర్థమేమిటి, మన కీర్తనా అదీ ఒకటేనా?” అని ఒకరు నన్ను అడిగారు. గుంటూరులో లూథరన్ కుటుంబంలో పుట్టి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంతోనే అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి కనుక జవాబు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

గ్రీకుల హుమ్నోస్ దేవతలనో వీరులనో పొగిడే పాట. ఆ మాట క్రైస్తవుల చేతికి వచ్చాక తొలినాళ్ల క్రైస్తవ పండితుడు అగస్టీన్ దానికి మూడు షరతులు పెట్టాడు: స్తుతి ఉండాలి, ఆ స్తుతి దేవునిదై ఉండాలి, దానిని పాడాలి. మన ‘కీర్తన’, ‘కీర్తి’ ఒకే ధాతువు నుంచి పుట్టినవి కాబట్టి కొనియాడడమే రెండింటి పని. ఈ మూడింటికి నేను నాలుగో షరతు చేరుస్తాను: ఆ పాటలో మనం ఏమీ అడగకూడదు.

ఈ సంగతి నాకు చర్చిలో కాదు, విజయవాడ సత్యనారాయణపురంలో తెలిసింది. ఇరవై ఏళ్ల కిందట నేను అద్దెకున్న ఇంటి యజమాని తల్లిగారు పిల్లలకు సంగీతం నేర్పేవారు. అందరం మామ్మగారు అనేవాళ్లం. ఒక ఆదివారం ఉదయం వరండాలో నేను ఒక పాట పాడుకుంటుండగా ఆమె బయటికి వచ్చి పుస్తకం అడిగి తీసుకున్నారు. పాట నెత్తిన అచ్చువేసి ఉన్న శంకరాభరణ రాగము, ఆది తాళము అన్న వరుస చూసి, “రాగం, తాళం ఇంత స్పష్టంగా రాసి ఉంటే నువ్వు పాడేదేమిటి నాయనా?” అన్నారు. తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్లు, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసురు వేస్తూ, పల్లవిని దెబ్బ మీద కాక అర అక్షరం, అంటే తాళంలో సగం లెక్క, ఆగి ఎత్తుకున్నారు. చిన్నప్పటి నుంచి నా నోట నలిగిన పాట ఆ అర అక్షరం జాగుతో కొత్తగా వినిపించింది. ఆ తరువాత చరణాలన్నీ మనసులోనే చదువుకొని పుస్తకం మూసి, “మీ స్వామిని మీరేమీ అడగలేదే! త్యాగయ్యగారైనా అడిగారు, బతిమాలారు, నిష్ఠూరమాడారు, ఇది ఉత్త పొగడ్తే” అన్నారు.

ఆమె మెచ్చుకున్నారో, తప్పుపట్టారో నాకు నేటికీ తెలియదు గాని, నేను మాత్రం దానిని మెప్పుగానే తీసుకున్నాను. బైబిల్లోని దావీదు కీర్తనల్లో మొరలు, ఏడుపులు చాలా ఉన్నాయి కదా అని ఎవరైనా అడ్డు తగలవచ్చు; ఉన్నాయి, అయినా హీబ్రూలో ఆ 150 పాటలకు స్థిరపడిన పేరు తెహిల్లీం, అంటే స్తుతులు. ఇప్పటి కొత్త పాటల్లో నా అప్పు, నా ఉద్యోగం, నా శత్రువు తప్ప మరొకటి వినిపించడం లేదు. వాటిని వినతిపత్రాలు అనడమే న్యాయం. పైగా కీబోర్డులో ముందే నింపిపెట్టిన దరువు, తెర మీద ‘ఘనత’ను ‘గనత’గా చూపించే అక్షరాలు.

కీర్తనలు దొరల వెంట వచ్చిన సరుకు అనేవారికి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికా లూథరన్ మిషనరీ హయ్యరు గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. మన కీర్తనలు ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బాప్తిస్మం పొందింది అంతకు తొమ్మిదేళ్ల ముందే. తెలుగు పద్యం, పల్లవి, చరణం ఆయనకు మతం మారకముందే వచ్చు; మారిన తరువాత వాటినే క్రీస్తు స్తుతికి వాడుకున్నారు. మామ్మగారికి ఆ పుస్తకం పరాయిదిగా తోచకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

ఆమె పెన్సిలుతో పల్లవి పక్కన చిన్న గీత గీసి, ఎక్కడ ఎత్తుకోవాలో గుర్తు పెట్టి ఇచ్చారు. ఆ రోజే చర్చిలో అర అక్షరం ఆగి ఎత్తుకుంటే పక్కనున్న పెద్దాయన నా వైపు గుడ్లురిమి చూశారు. గీత ఇంకా చెరగలేదు. మా చర్చిలో ఆ పాటను ఇప్పటికీ దెబ్బ మీదే ఎత్తుకుంటున్నారు.