పగలంతా పడుకునే కుక్కకు జబ్బేమీ లేదు

"మా రెండేళ్ల కుక్క పగలంతా పడుకునే ఉంటోంది, రాత్రి మాత్రం లేచి ఇల్లంతా తిరుగుతోంది, దానికి అసలు ఎంత నిద్ర కావాలి?" అని అడిగారు. ఎదిగిన కుక్కకు రోజు మొత్తం మీద 12 నుంచి 14 గంటలు. చిన్న కూనలైతే 18 గంటల పైనే. ముసలితనంలో మళ్లీ పెరుగుతుంది. అదీ మనలా ఒక్క విడతలో కాదు, ముక్కలు ముక్కలుగా. పగలు మీరంతా ఉద్యోగాలకు పోతే అది పడుకుంటుంది. రాత్రి అందరూ చేరి టీవీ పెట్టి కబుర్లు మొదలుపెడితే లేస్తుంది. ఇందులో కుక్క తప్పు నాకేమీ కనిపించడం లేదు.

చదువుకునేవాడికి శ్వాననిద్ర ఉండాలని బడిలో మాకు శ్లోకం చెప్పేవారు. ఆ మాస్టారు కుక్కను ఎన్నడూ పెంచి ఉండరు. అంత తేలిగ్గా మేలుకునే ప్రాణి కాబట్టే దానికి సగం రోజు నిద్ర కావాలి. అన్ని గంటలు మమ్మల్ని ఎవరు పడుకోనిచ్చారు?

మాది విజయవాడ సత్యనారాయణపురం. మా బుజ్జి వీధిలో పుట్టిన దేశవాళీ కుక్క. ఒక మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయి ఉంది, మా మేనత్త గుంటూరు నుంచి వచ్చింది. బుజ్జి వంటింటి గడప పక్కన గచ్చు మీద పక్కకు వాలి పడుకుంది. కాసేపటికి కాళ్లు కొట్టుకోవడం, మూతి అదరడం, నోరు తెరవకుండానే సన్నగా అరవడం మొదలుపెట్టింది. అత్తయ్య "అయ్యో, మూర్ఛ!" అంటూ బీరువా తాళాల గుత్తి పట్టుకొచ్చింది. "అత్తయ్యా, కలగంటోంది, ముట్టుకోవద్దు" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆవిడ వింటేగా! వంగి ముందు కాలి వేళ్ల మధ్య తాళాలు పెట్టబోయింది. ఇనుము తగలగానే బుజ్జి ఉలిక్కిపడి లేచి, కళ్లు పూర్తిగా తెరవకముందే పళ్లు చూపించి గుర్రుమంది. గుత్తి ఎగిరి గిన్నెల మధ్య పడింది. మరుక్షణం మనిషిని గుర్తుపట్టి తోక ఊపిందనుకోండి. అత్తయ్య మాత్రం "తాళాలు తగలగానే ఎలా తగ్గిందో చూశావా?" అంది. గుంటూరు వెళ్లి చుట్టాలందరికీ అదే చెప్పింది.

కలైతే కాళ్లు ఆగి ఆగి కదులుతాయి, దూరం నుంచి పేరు పెట్టి పిలిస్తే లేస్తుంది. మూర్ఛైతే ఒళ్లు బిగుసుకుంటుంది, పిలిచినా పలకదు, ఒక్కోసారి పడుకున్నచోటే మూత్రం పోతుంది. అనుమానంగా ఉంటే ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. నిద్రలో ఉన్నదాన్ని చేత్తో తట్టవద్దు, ముఖ్యంగా పిల్లలను తట్టనివ్వవద్దు.

ఎండాకాలం సంగతి వేరు. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగున కాస్తే, మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పితేనే పోవాలి. రొప్పుతూ ఏం నిద్రపోతుంది? అందుకే స్నానాలగది గుమ్మంలోనో, నీళ్ల బిందె పక్కనో చేరుతుంది. అక్కడినుంచి లేపి మెత్తటి పరుపు మీదకు ఈడ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసిన ఊరిలో సైబీరియా మంచులో బండ్లు లాగిన హస్కీని తెచ్చి, ఫ్లాట్ బాల్కనీలో కట్టేసి, "ఎప్పుడూ నీరసంగా పడి ఉంటుందండీ" అనేవాళ్ల గురించి ఇక చెప్పను.

భయపడాల్సిందల్లా ఉన్నట్టుండి వచ్చిన మార్పుకే. గిన్నె చప్పుడుకే పరుగెత్తే కుక్క అన్నం ముట్టకుండా పడుకుంటే చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. చిగుళ్లు పాలిపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పిడుదుల జ్వరం మన వైపు మామూలే.

రాత్రి తిరుగుడుకు మందు సాయంత్రం ఎండ తగ్గాక మంచి నడక, ఆ తర్వాత ఇంట్లో నిశ్శబ్దం. నడక మీ చేతిలో పని. నిశ్శబ్దం మా వీధిలోనైతే దొరకదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు మోగకూడదని 2000 సంవత్సరం నుంచి నియమాలున్నాయి. మా వీధి చివరి కల్యాణమండపానికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. అడగడానికి వెళితే "పెళ్లి రోజూ అవుతుందా సార్?" అంటారు. వాళ్ల మండపంలో రోజూ అవుతోంది మరి.