ముందు పైపు దారి చూడు, తర్వాతే గ్రానైట్

చి. కిరణ్‌కి,

మామయ్య ఆశీస్సులు. జార్జియాలోని కమింగ్ ఊళ్ళో కొన్న ఇంటి బేస్‌మెంట్‌లో వెట్ బార్ పెట్టిస్తానంటూ నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. చాలా బాగున్నాయి. కానీ అన్నిట్లో రాళ్ళు, లైట్లు, గాజు అరలే ఉన్నాయిరా. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో, ఎటు పోతాయో ఒక్కదాంట్లోనూ కనబడలేదు. ఉత్త బార్ కౌంటర్‌కీ వెట్ బార్‌కీ తేడా ఆ సింకే కదా. అందుకే ఈ ఉత్తరం.

ముందు కిందికి దిగి నేల చూడు. చాలా ఇళ్ళల్లో బిల్డర్ ముందుముందు బాత్రూమ్ కట్టుకోవడానికని పైపులు నేలలోంచి పైకి తేల్చి, మూతలు బిగించి వదిలేస్తాడు. నీ ఇంట్లోనూ అవి ఉంటే, బార్ ఆ దగ్గర్లోనే పెట్టు. దూరంగా పెడితే కాంక్రీటు కోయాలి. డ్రెయిన్ పైపుకి అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి, లోపల గాలి ఆడేందుకు గాలి పైపు (వెంట్) కూడా కావాలి. ఇంట్లోంచి బయటికి పోయే మురుగు పైపు బేస్‌మెంట్ నేలకంటే ఎత్తులో ఉంటే నీళ్ళు వాటంతటవి పోవు, పంపు పెట్టాల్సిందే. పంపు పెడితే దాని చప్పుడు, రిపేర్లు మన నెత్తిన పడతాయి. నా మాట విని, నీకు నచ్చిన గోడ కాకపోయినా పైపుకి దగ్గర గోడే ఎంచుకో.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఒక వేసవిలో రెండు నెలలు ఇండియా వెళ్ళొచ్చాం. తలుపు తీసేసరికి బేస్‌మెంట్ అంతా మురుగు వాసన. పైపు పగిలిందేమోనని ఒకటే టెన్షన్. మీ అత్తయ్య నేలంతా రెండుసార్లు కడిగింది, వాసన పోలేదు. చివరికి ప్లంబర్ వచ్చి సింకు కింద వంపు పైపుని వేలితో తట్టి చూపించాడు. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉండాలి, మురుగు గాలిని పైకి రాకుండా ఆపేది అవే. వాడకపోవడంతో అవి ఎండిపోయాయి. ఒక చెంబుడు నీళ్ళు పోశాడు, కాసేపటికి వాసన పోయింది. అప్పట్నుంచి వాడినా వాడకపోయినా నెలకోసారి నీళ్ళు వదులుతున్నాను. ఊరెళ్ళేముందు నీళ్ళ మీద కాస్త వంటనూనె కూడా వేస్తే ఇంకా ఆలస్యంగా ఆరుతాయి.

సింకు మరీ చిన్నది తీసుకోకు. బార్ సింకులని అమ్మేవాటిలో కొన్ని గ్లాసు కడగడానికి తప్ప దేనికీ పనికిరావు. మన ఇళ్ళల్లో పార్టీ అంటే గ్లాసులొక్కటే కాదుగా, మిర్చి బజ్జీల ప్లేట్లు, చికెన్ ఫ్రై గిన్నెలు కూడా అక్కడికే వస్తాయి. కనీసం 18 అంగుళాల వెడల్పు ఉండనీ. వేడినీళ్ళ లైను కూడా లాగించు.

కౌంటర్ పైన మార్బుల్ వద్దు. నిమ్మకాయ పిండిన చోటల్లా దాని మెరుపు చచ్చిపోతుంది. తెల్ల క్వార్ట్జ్ చూడ్డానికి బాగుంటుంది గానీ, పసుపు మరక వెంటనే తుడవకపోతే పట్టుకుంటుంది. నాకైతే ముదురు రంగు గ్రానైటే ఇష్టం.

ఎత్తు గురించి కాస్త ఆలోచించు. బార్ కౌంటర్ 42 అంగుళాలు కట్టడం మామూలు, దానికి 30 అంగుళాల స్టూళ్ళు వేస్తారు. అక్క, అదే మీ అమ్మ, తెనాలి నుంచి వస్తే ఆరు నెలలుంటుంది. ఆ మోకాళ్ళతో ఆ స్టూలెక్కి కూర్చోగలదా? మనవలు కింద టీవీ చూస్తుంటే తనూ వాళ్ళ మధ్యే కూర్చుని టీ తాగాలనుకుంటుంది. అందుకే ఒక పక్కన మూడడుగుల మేర డైనింగ్ టేబుల్ ఎత్తుకి దించి కట్టించు, మామూలు కుర్చీ వేసుకోవచ్చు. మిగతా చోట స్టూలుకి రెండడుగుల చొప్పున జాగా వదులు. వెనక అరలకీ ముందు కౌంటర్‌కీ మధ్య మూడడుగులు తగ్గితే ఇద్దరు మసలలేరు.

ఫ్రిజ్ కొనేటప్పుడు వేడిగాలి ఎటు వదులుతుందో అడుగు. కౌంటర్ కింద ఇరికించేది ముందు వైపు నుంచి వదిలేదై ఉండాలి. వెనక నుంచి వదిలే మామూలు చిన్న ఫ్రిజ్‌ని అలా ఇరికిస్తే వేడెక్కి తొందరగా పాడవుతుంది. దానికి విడిగా సర్క్యూట్ వేయించు. సింకు దగ్గర ప్లగ్గులన్నిటికీ షాక్ కొట్టకుండా కరెంటు ఆపే జీఎఫ్‌సీఐ ఉండాలి.

సీసాలు పిల్లల కళ్ళెదుట అలంకారంగా పేర్చడం నాకు నచ్చదు. కింద తాళం వేసే అర ఒకటి పెట్టి అందులో ఉంచు. గాజు అరల్లో మంచి గ్లాసులు, మీ అత్తయ్య ఇచ్చిన ఇత్తడి కూజా పెట్టుకో.

స్టవ్ మాత్రం పెట్టకు. చాలా చోట్ల స్టవ్ ఉంటే దాన్ని రెండో కిచెన్ కింద లెక్కగడతారు, రూల్స్ మారిపోతాయి. పర్మిట్ లేకుండా చేసేద్దామని కాంట్రాక్టర్ అంటే ఒప్పుకోకు. రేపు ఇల్లు అమ్మేటప్పుడు అదే మెడకి చుట్టుకుంటుంది. ఇన్‌స్పెక్షన్ అయ్యాక, గోడ మూసేముందు పైపులకీ వైర్లకీ కొలత టేపు ఆనించి ఫొటోలు తీసి పెట్టుకో.

శనివారం ప్లంబర్ వస్తాడన్నావు కదా. నేను ఆల్ఫరెట్టా నుంచి తొమ్మిదింటికల్లా వచ్చేస్తాను. నేను వచ్చేదాకా నేల మీద గీత కూడా గీయనివ్వకు.

ఆశీస్సులతో,
మామయ్య