పాత నాణేలకు ఏ పుస్తకాలు కొనాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: అమ్మమ్మగారి పెట్టెలో ముప్ఫై, నలభై రాగి బిళ్ళలు దొరికాయి. కొన్నింటి మీద 1794, 1797 అనీ, రెండింటి మీద 1803 అనీ ఉంది. తెలిసినవాళ్ళ దగ్గర పెద్ద కాటలాగు తెచ్చుకుని ఒడిశా, బెంగాల్ పేజీలన్నీ తిరగేశాను. ఒక్కటీ కనబడలేదు. పుస్తకం మంచిది కాదా? – ఓ పాఠకురాలు, బరంపురం

జ: పుస్తకం మంచిదేనమ్మా, వెతికిన పేజీలే వేరు. గంజాం ఒడిశాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. అంతవరకూ అది మద్రాసు ప్రెసిడెన్సీ. కాటలాగులు నాణేన్ని అది పుట్టిన నాటి ఏలుబడి కింద పెడతాయి కానీ ఇవాళ్టి రాష్ట్రం కింద కాదు. మన సరిహద్దు జిల్లాల వాళ్ళు తరచూ తడబడేది ఇక్కడే. ఈస్టిండియా కంపెనీ శీర్షిక తీసి, అందులో మద్రాసు ప్రెసిడెన్సీ, దాని లోపల ‘నార్తర్న్ సర్కార్స్’ అన్న ఉపశీర్షిక చూడండి. మీ 1794, 1797 బిళ్ళలు అక్కడుంటాయి. అవి ఉత్తర సర్కారుల కోసమే ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో కొట్టించినవి. రూపాయికి 48 వచ్చేది పెద్దది, 96 వచ్చేది చిన్నది. ఆ లెక్క నాణెం మీదే ఇంగ్లీషులో ఉంటుంది. అరిగిపోయి అక్షరాలు కనబడకపోతే రెండో వైపు కంపెనీ వారి హృదయాకారపు సరుకు గుర్తును బట్టి పోల్చుకోండి.

ఇంకో చిక్కుంది. క్రాజ్ సంస్థ వారి ‘స్టాండర్డ్ కాటలాగ్ ఆఫ్ వరల్డ్ కాయిన్స్’ శతాబ్దానికో సంపుటంగా వచ్చింది. 1794, 1797 నాణేలు 1701–1800 సంపుటంలో ఉంటే, 1803వి 1801–1900 సంపుటంలో ఉంటాయి. ఒకే పెట్టెలోని బిళ్ళలకు రెండు సంపుటాలు కావాలన్నమాట. 1803 బిళ్ళ మీద XX అని ఉంటే అది ఇరవై కాసుల నాణెం. వెనకవైపు పారశీలో ‘ఇరవై కాసులు నాలుగు ఫలూసులు’ అని ఉంటుంది.

ప్ర: డిగ్రీ చదువుతున్నాను, చేతిలో డబ్బు తక్కువ. ముందు ఏది కొనాలి? కొత్త ఎడిషనే కావాలా? – ఓ విద్యార్థి, ఛత్రపురం

జ: అక్కర్లేదు. కాటలాగులో ముందుగా పాతబడేది ధరల వరస. ఫొటో, తూకం, లోహం, కేఎం నంబరు (క్రాజ్ కాటలాగు ప్రతి నాణేనికీ ఇచ్చే వరస సంఖ్య) పదేళ్ళ తరవాతా పనికొస్తాయి. పాత ఎడిషను సగానికి సగం తక్కువకు దొరికితే నిశ్చింతగా తీసుకోండి. ధర తెలియాలంటే ఈ మధ్యే జరిగిన వేలాల ఫలితాలు చూడాలి. అందులోనూ మొదటి అంచనా కాదు, చివరికి పలికిన ధర.

అంతకన్నా ముందు పరమేశ్వరీలాల్ గుప్తా రాసిన ‘కాయిన్స్’ చదవండి. నేషనల్ బుక్ ట్రస్ట్ 1969లో వేసిన చిన్న పుస్తకం. విద్ధాంక నాణేల (గుర్తులు గుద్దిన తొలినాటి బిళ్ళల) నుంచి ఈ కాలం దాకా వరసగా చెబుతుంది. అది చదివాక మీకు ఏ కాలం మీద మనసు నిలుస్తుందో చూసుకుని, ఆ ఒక్క కాలానికి ప్రత్యేక గ్రంథం కొనండి. అన్ని కాలాలకూ కొంచెం కొంచెం కొన్న అలమరాలు చూడడానికి నిండుగా ఉంటాయి, అడిగినప్పుడు పలకవు.

సాధారణ కాటలాగుకూ ప్రత్యేక గ్రంథానికీ తేడా ఎక్కడొస్తుందో ఒక్క నాణెంతో చెప్పొచ్చు. విక్టోరియా రాణి బొమ్మతో 1862 అని ఉన్న వెండి రూపాయి. ఆ అంకెను మార్చకుండా చాలా ఏళ్ళు అదే అచ్చుతో కొట్టారు. 1874 నుంచే ఏ ఏటి అంకె ఆ ఏట వేయడం మొదలైంది. ఈ మధ్యలోని నాణేలను బొరుసు మీది సన్నని చుక్కల లెక్కతోనూ, రాణి దుస్తుల అచ్చులోని తేడాలతోనూ విడదీస్తారు. పెద్ద కాటలాగు దీన్ని రెండు మూడు వరసల్లో ముగిస్తుంది. 1835–1947 మధ్య కంపెనీ, బ్రిటిష్ ప్రభుత్వ నాణేలకు ప్రిడ్మోర్ రాసిన బ్రిటిష్ కామన్వెల్త్ నాణేల గ్రంథంలో భారత భాగం రెండో సంపుటం (1980) గానీ, స్టీవెన్స్, వెయిర్ కలిసి రాసిన 2012 నాటి గ్రంథం గానీ ఉంటే ఈ పని తేలిక. 1835కు ముందు ప్రెసిడెన్సీ నాణేలకు ప్రిడ్మోర్ మొదటి సంపుటం (1975). బరంపురం పాఠకురాలికి చివరికి కావలసింది కూడా అదే.

స్వతంత్ర భారత నాణేలే సేకరిస్తుంటే ప్రస్తుతానికి పుస్తకమే అక్కర్లేదు. తారీఖు కింది గుర్తులు చాలు: ముంబయికి వజ్రాకారం, హైదరాబాదుకు నక్షత్రం, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏమీ ఉండదు. నెట్‌లో ఉచితంగా దొరికే నూమిస్టా కాటలాగు పక్కన పెట్టుకోండి.

ప్ర: గంగ రాజుల బంగారు ఫణాలు పోగుచేస్తున్నాను. అమ్మేవారు ‘చోడగంగుడి 19వ ఏడాది’ అని చీటీ రాసి ఇస్తున్నారు. ఏ పుస్తకంలో చూసి ఖాయం చేసుకోవాలి? – ఓ పాఠకుడు, పర్లాకిమిడి

జ: ఆ చీటీలో రెండు తప్పులు ఉండే అవకాశం ఉంది. ఫణం మీద రాజు పేరు ఉండదు. ఒకవైపు పడుకున్న నంది, నెలవంక. రెండో వైపు ‘స’ అక్షరం, అంకుశం, కొన్ని అంకెలు. ఆ అంకె అంక సంవత్సరం, అసలు పాలనా సంవత్సరం కాదు. అంక లెక్కలో 1 ఉండదు. 6తో ముగిసేవి, 0తో ముగిసేవి వదిలేస్తారు, ఒక్క 10 తప్ప. కాబట్టి 2 అంటే మొదటి ఏడు. తరవాత 3, 4, 5, 7, 8, 9, 10 అని సాగుతుంది. వేళ్ళ మీద లెక్కపెడితే 19వ అంకం పదహారో ఏడు, 24వ అంకం ఇరవయ్యో ఏడు. ఏ రాజన్నది అంకె ఒక్కదానితో తేలదు. పట్టుమని ఇరవై ఏళ్ళు ఏలిన రాజులు ఆ వంశంలో ఒకరే కాదు కదా.

అందుకే మీ అలమరాలో ముందు ఉండవలసింది నాణేల పుస్తకం కాదు, లిపి పుస్తకం. అంకెల రూపాల కోసం బర్నెల్ దక్షిణ భారత లిపి గ్రంథం (1874), ఓఝా ‘భారతీయ ప్రాచీన లిపిమాల’ చూడండి. గంగ రాజుల రాగి శాసనాలు ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటాల్లో ఛాయాచిత్రాలతో ఉన్నాయి. వాటిలోని అంకెలను ట్రేసింగ్ కాగితం మీద ఎత్తి ఒక పట్టిక తయారుచేసుకోండి. ఫణాల మీద వ్యాసాలు ఎక్కువగా న్యూమిస్మాటిక్ సొసైటీ ఆఫ్ ఇండియా పత్రికలో వచ్చాయి.

త్రాసు సంగతి కూడా చూసుకోండి. ఫణం అర గ్రాముకు అటూ ఇటూ తూగుతుంది. గ్రాములో పదోవంతు చూపే త్రాసు మీద 0.4కూ 0.5కూ మధ్య ఉన్నదంతా పోతుంది. 0.01 గ్రాము చూపేది కావాలి. లేకపోతే పుస్తకంలోని తూకంతో పోల్చడమే వృథా.

ప్ర: ఎలియట్ ‘కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా’, రాప్సన్ రాసిన శాతవాహన, క్షత్రప నాణేల 1908 కాటలాగు నెట్‌లో ఉచితంగా దొరికాయి. జిరాక్సు షాపులో ప్రింటు తీయిస్తే బొమ్మలు మసిముద్దల్లా వచ్చాయి. – ఓ పాఠకుడు, రాయగడ

జ: రెండింటికీ కాపీరైటు గడువు తీరిపోయింది, నిరభ్యంతరంగా ప్రింటు తీసుకోవచ్చు. (ఎలియట్ ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేసినవాడే, మన ప్రాంతం అతనికి కొత్తది కాదు.) మసికి కారణం మీరు దించుకున్న పీడీఎఫ్. ఆర్కైవ్ సైటులో పీడీఎఫ్‌ను బాగా కుదించి పెడతారు. అదే పేజీలో ‘జేపీ2’ అనే మూల చిత్రాల మూట ఉంటుంది. పరిమాణం చాలా ఎక్కువ, కానీ ప్లేట్లు (నాణేల బొమ్మల పేజీలు) మాత్రం దానిలోంచే తీసుకోవాలి. అక్షరాల పేజీలకు పీడీఎఫ్ చాలు.

దించుకోగానే ప్లేట్లు లెక్కపెట్టండి. రాప్సన్ పుస్తకంలో 21 ఉండాలి. మడత పటాలను విప్పకుండానే స్కాన్ చేసేసిన ప్రతులు కొల్లలు. ఒక ప్రతిలో లోపముంటే ఇంకో గ్రంథాలయం ఎక్కించిన ప్రతి వెతకండి.

షాపులో చెప్పవలసిన మాటలు మూడు: ‘ఫిట్ టు పేజ్’ వద్దు, అసలు సైజులోనే రావాలి; నలుపు తెలుపు కాదు, గ్రేస్కేల్; ఎడమవైపు నాలుగు సెంటీమీటర్లు ఖాళీ. మొదటిది మరిచిపోతే నాణెం సైజే మారిపోతుంది. ఒక ప్లేటు తీయించి, వచనంలో ఇచ్చిన నాణెం అడ్డుకొలతతో వెర్నియర్ పెట్టి సరిచూశాకే మిగతావి తీయించండి. రాప్సన్ కొలతలు అంగుళాల్లో, తూకాలు గ్రెయిన్లలో ఇచ్చాడు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, గ్రెయినుకు 0.0648 గ్రాము. కంపెనీ రూపాయి 180 గ్రెయిన్లంటే 11.66 గ్రాములు. ఈ రెండు అంకెలూ అట్ట లోపల రాసిపెట్టుకోండి.

పాత ప్లేట్లు చాలావరకూ నాణేల నుంచి కాదు, వాటి ప్లాస్టర్ అచ్చుల నుంచి తీసిన ఫొటోలు. తుప్పు, రంగు వాటిలో కనబడవు. మీ చేతిలోని నాణెం వేరేగా అనిపిస్తే కంగారు పడొద్దు, అక్షరాల చోటు, గుర్తుల వరస చూడండి. ఇంకో సంగతి, శాతవాహన నాణేలకు రాప్సన్ ఒక్కడినే నమ్ముకుంటే చిక్కు. కోటిలింగాల నాణేలు బయటపడింది అతని తరవాత చాలాకాలానికి. ఐ.కె. శర్మ 1980 గ్రంథం పక్కన పెట్టుకుని చదవండి.

ప్ర: వర్షాకాలంలో పుస్తకాలకు చెమ్మ, చెదలు. ప్లేట్ల పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. – ఓ ఉపాధ్యాయుడు, గుణుపురం

జ: అతుక్కున్నవి పొడిగా ఉంటే లాగకండి, పూత కాగితంతో సహా ఊడొస్తుంది. ఆర్టు పేపరుకు సుద్దలాంటి పూత ఉంటుంది, తడిసి ఆరితే అదే బంకవుతుంది. మళ్ళీ ఎప్పుడైనా తడిస్తే, ఆరకముందే పేజీకీ పేజీకీ మధ్య మైనపు కాగితం పెట్టి, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు.

అలమరాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరపండి, కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. కింది అర ఖాళీగా వదిలేయండి, చెదలు ముందు అక్కడే కనబడతాయి. బైండింగు చేయించేటప్పుడు కుట్టు బైండింగే అడగండి. మైదా జిగురులో మైలుతుత్తం కలపమనండి, పురుగు తొందరగా ముట్టదు. జిరాక్సు ప్రతులకు మెత్తటి పీవీసీ కవర్లు వేయొద్దు. కొన్నాళ్ళకు నల్ల సిరా కవరుకు అంటుకుని పేజీ తెల్లబడుతుంది. పాలీప్రొపిలీన్ కవరు తీసుకోండి. వెండి నాణేలను మాత్రం పుస్తకాల అలమరాలో పెట్టకండి, పాత న్యూస్‌ప్రింటు, అట్టల నుంచి వచ్చే ఆవిరికి నల్లబడతాయి.

ప్ర: పొలం దున్నుతుంటే కుండలో రాగి నాణేలు బయటపడ్డాయి. ‘పూరీ కుషాణ’ నాణేలంటున్నారు. వీటికి పుస్తకం ఉందా? – ఓ రైతు, జౌగఢ దగ్గరి ఊరు

జ: పుస్తకం తరవాత సంగతి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం. కడగకండి, పంచకండి, కుండ పెంకులు కూడా దాచండి. పూరీ కుషాణ నాణేలు (కుషాణ రాజుల రాగి నాణేలను పోలి ఒడిశా వైపు దొరికేవి) పోతపోసినవి, అక్షరాలు దాదాపు ఉండవు, తూకాలు ఒకదానితో ఒకటి కలవవు. వాటి కాలం తేల్చడానికి ఆధారం అవి దొరికిన మట్టి పొరే. భువనేశ్వర్ దగ్గరి శిశుపాలగఢ్ తవ్వకాల నివేదిక ‘ఏన్షియెంట్ ఇండియా’ ఐదో సంచిక (1949)లో ఉంది. మీ కుండ ఏ లోతులో ఉందో, చుట్టూ మట్టి ఏ రంగో ఇవాళే కాగితం మీద రాసి, ఒక ఫొటో తీసి పెట్టండి.