మామూలు బాల్‌పెన్నుతో పులి బొమ్మ వేస్తే లేత, ముదురు ఛాయలు వస్తాయా?

వస్తాయి, ఒక్క నల్ల బాల్‌పెన్నుతోనే లేత బూడిద రంగు నుంచి చిక్కటి నలుపు దాకా తేవచ్చు. ఈ పెన్నులోని ఇంకు నీళ్లలా పారదు, నూనె కలిసిన చిక్కటి ముద్దలా ఉంటుంది. మొనలోని చిన్న గుండు దొర్లితేనే కాగితానికి అంటుతుంది. అందుకే చెయ్యి తేలిగ్గా ఆనిస్తే వెలిసినట్టుండే సన్నని గీత, కాస్త ఒత్తిడి పెరిగితే ముదురు గీత. జెల్ పెన్నుతో ఈ తేడా పెద్దగా రాదు.

ఉదాహరణకు పులి ముఖం. బుగ్గల మీది తెల్ల బొచ్చుకు, వెంట్రుకలు పెరిగే దిక్కులోనే పొట్టి గీతలు ఎడంగా వేసి, చివర్లో పెన్ను పైకి లేపేయాలి. చారల దగ్గర అవే గీతలు మూడు నాలుగు వరసలు, కొంచెం ఏటవాలు మారుస్తూ, ఒకదాని మీద ఒకటి పడాలి. మీసాలకు, కంటి మెరుపుకు కాగితాన్నే ఖాళీగా వదలాలి. తర్వాత చెరిపి తెలుపు తెద్దామంటే కుదరదు.

నలుపు కోసం బలంగా నొక్కాలని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే కాగితం గాడి పడి, ఇంకు అక్కడక్కడా ముద్దకడుతుంది. చిక్కదనం వరసల మీద వరసలతోనే వస్తుంది. మొనకు పేరుకున్న ఇంకును మాత్రం మధ్యమధ్యలో చిత్తుకాగితం మీద తుడవాలి, లేకపోతే బొచ్చులో మచ్చ పడుతుంది.