ఓబి కొనే ముందు ఈ అక్క మాట విను

చెల్లీ, మీవారి ఆఫీసులో పెళ్లికి పిలిచారనీ, ఆగస్టులో బాణసంచా వేడుకకి కూడా జపాన్ వాళ్ల కిమోనో కట్టుకోవాలనుందనీ, దాని మీద నడుముకి చుట్టే ఓబి పట్టీ ఏది కొనమంటారనీ అడిగావు. ముందు ఏదీ కొనకు. ఇది చదివాక ఆలోచిద్దువు గాని.

నేను టోక్యోలో నిషికసాయిలో కాపురం పెట్టిన కొత్తలో నాకిలా చెప్పేవాళ్లెవరూ లేరు. ఓ కొట్లో పెద్దావిడ మోకాళ్ల మీద కూచుని, తెల్ల కాగితం మడతలు విప్పి, బంగారు జరీ ఓబి పరిచింది. క్యోటో నిషిజిన్ నేత, నాలుగు మీటర్ల పైన పొడవు. నాకేమో నా పెళ్లినాటి కంచిపట్టు అంచు కళ్లముందు మెదిలింది. లక్షా ఎనభై వేల యెన్లు, పన్నెండు వాయిదాలు! మొదటి వాయిదా బ్యాంకులో కోసుకున్నాక గాని మావారికి తెలీలేదు. ఆ నెలంతా మా ఇంట్లో చారూ అన్నమే.

దాన్ని ఎడోగావా ఒడ్డున బాణసంచాకి, మూడు వేల యెన్ల యుకాతా, అంటే వేసవి నూలు కిమోనో, దాని మీద బిగించుకుని వెళ్లాను. పక్క చాప మీది బామ్మగారు "ఎంత బాగుందో" అంది. ఇక్కడివాళ్లు అలా పొగిడితే ఒక్క క్షణం అనుమానించాలని అప్పటికి తెలీదు. నూలు చీర మీద వడ్డాణం పెట్టుకుని గోదావరి స్నానానికి వెళ్లినట్టుందన్నమాట నా వేషం.

నేను కొన్నది ఫుకురో ఓబి. పెళ్లిళ్లకీ పెద్ద వేడుకలకీ, పట్టు కిమోనో మీదే. వెనక డోలులా కట్టే ముడిని తైకో అంటారు. ఫుకురో పొడుగ్గా ఉంటుంది కాబట్టి అది రెండు పొరలుగా వస్తుంది, శుభం రెట్టింపవ్వాలని. చావు ఇంటికి మాత్రం నల్లది, ఒక్క పొరే. దుఃఖం రెట్టింపు కాకూడదుగా! నగోయా ఓబి దానికంటే పొట్టి, నడుముకి చుట్టే భాగం ముందే సగానికి మడిచి కుట్టేసి ఉంటుంది. టీ వేడుకకో నాటకానికో అది చాలు. యుకాతాకి సగం వెడల్పుండే హన్‌హబా. ఇంకా బరువైన మారు ఓబి పెళ్లికూతుళ్లకి, దాని జోలికి పోకు. కట్టే పద్ధతులు వీడియోల్లో బోలెడున్నాయి, చూసుకో. కిమోనో ఎడమ అంచు పైకి రావాలి, అదొక్కటి మరవకు. కుడిది పైకొస్తే శవానికి చుట్టినట్టు.

ఇక డబ్బు సంగతి. పెళ్లికి కవరులో ఒక్కరైతే ముప్పై వేలు, దంపతులైతే యాభై పెట్టడం ఇక్కడి రివాజు. దాని మీద ఓబి ఖర్చు కూడానా? హాయిగా పట్టుచీర కట్టుకో, అందరూ నీతోనే ఫొటోలు దిగుతారు. బాణసంచాకి పాతబట్టల కొట్లో హన్‌హబా వెయ్యి యెన్లకి దొరుకుతుంది. క్యోటో తోజి గుడి దగ్గర ప్రతి నెలా 21న జరిగే సంతలో చవకంటారు, నిజమే. రానుపోను బుల్లెట్ రైలు షింకన్‌సెన్ టిక్కెట్లు కూడా కలుపుకుని చెప్పు, చవకో కాదో!

నా జరీ ఓబిని అమ్మబోతే మూడు వేలిస్తామన్నారు. ఇవ్వలేదు. ఏటా దసరా బొమ్మల కొలువుకి పైమెట్టు మీద పరుస్తున్నాను. బాణసంచాకి ముందురోజు ఇంటికి రా, హన్‌హబా కట్టడం నేర్పుతాను. కొనుక్కుని రాకు, నా దగ్గర రెండున్నాయి.